అందనివాళ్లు ఎవరు? - సైన్సు కాంగ్రెస్ గడిపిన ఒక సంవత్సరం

ఒక పండిత సంఘాన్ని అంచనా కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. వేదిక మీద అది ఏం మాట్లాడిందో చూడటం ఒకటి. అది ఎక్కడికి పోయింది, ఎక్కడికి పోకుండా ఆగింది, ఎవరిని చూసి ఆగింది అని అడగటం రెండోది. సైన్సు సభల మీద మనకు వచ్చే రాతల్లో ఎక్కువ భాగం మొదటి పద్ధతివే. ఏ మంత్రి ఏమన్నాడు, అందులో తప్పెంత, నవ్వెంత అన్న దగ్గరే అవి ఆగిపోతాయి. రెండో ప్రశ్న వేస్తే కులం బయటపడుతుంది. అందుకే దాన్ని వేయడానికి మన మేధావులు ఇష్టపడరు.

ఇక్కడ చర్చకు పెడుతున్నది ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ అసోసియేషన్ జీవితంలో ఒక సంవత్సరం. 2017 జనవరిలో తిరుపతి సభతో మొదలై, 2018 మార్చిలో ఇంఫాల్ సభతో ముగిసిన సంవత్సరం. సంఘం లెక్కలో ఒక సభ నుంచి మరో సభ దాకా ఒక ఏడాది. క్యాలెండరు లెక్కలో మాత్రం పద్నాలుగు నెలలు దాటింది. ఆ ఎక్కువైన రెండు నెలల్లోనే అసలు సంగతి ఉన్నది.

తిరుపతి నుంచి ఇంఫాల్‌కు దారి

104వ సైన్సు కాంగ్రెస్ 2017 జనవరి 3 నుంచి 7 వరకు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగింది. ప్రధాని ప్రారంభించాడు. కంపెనీలకు సామాజిక బాధ్యత ఉన్నట్టే సైన్సు సంస్థలకూ సామాజిక బాధ్యత ఉండాలని అక్కడ చెప్పాడు. 105వ సభ హైదరాబాద్‌లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, 2018 జనవరి 3 నుంచి జరగాలి. ఉస్మానియాకు 2017లో నూరేళ్లు నిండినయి. సభకు పెట్టుకున్న ప్రధాన అంశం 'రీచింగ్ ది అన్‌రీచ్డ్'. అంటే శాస్త్ర సాంకేతికాల ద్వారా ఇంతవరకు అందనివాళ్లను అందుకోవడం. చాలా మంచి మాట. వినడానికి ఇంపైన మాట.

2017 డిసెంబర్ మొదట్లో ఉస్మానియా హాస్టల్‌లో ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. పల్లె నుంచి వచ్చినవాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం. కారణం మీద పోలీసులది ఒక మాట, విద్యార్థులది ఒక మాట. పరీక్షల భయం అని వాళ్లు, కొలువులు లేని బతుకు భయం అని వీళ్లు. ఆ మరునాడే సరూర్‌నగర్‌లో 'కొలువులకై కొట్లాట' సభ జరిగింది. క్యాంపస్ ఉడికిపోయింది. అదే నెల మూడో వారంలో, క్యాంపస్‌లో ఉన్న పరిస్థితుల్లో సభ జరపలేమని విశ్వవిద్యాలయం చేతులెత్తింది. సైన్సు కాంగ్రెస్ వాయిదా పడ్డది. తర్వాత మణిపూర్ విశ్వవిద్యాలయానికి మారింది. 2018 మార్చి 16 నుంచి 20 వరకు ఇంఫాల్‌లో జరిగింది.

ఇదే హైదరాబాద్‌లో 2017 నవంబర్ 28 నుంచి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి బిడ్డ వచ్చిపోయింది. డిసెంబర్ 15 నుంచి 19 వరకు ప్రపంచ తెలుగు మహాసభలు ఘనంగా జరిగినయి. రోడ్లకు రంగులు పడ్డయి, పోలీసులకు కొదవ లేకపోయింది. ఊరిలో భద్రత ఉన్నది, క్యాంపస్‌లో లేదు. పెట్టుబడికి భద్రత దొరికింది, పద్యానికి దొరికింది. సైన్సుకు దొరకలేదు. ఎందుకు? ఎందుకంటే ఆ సైన్సు సభ పోవాల్సిన చోట హాస్టళ్లున్నయి. ఆ హాస్టళ్లలో ఉండేది ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు. ఇంటిలో మొదటిసారి డిగ్రీ పట్టినవాళ్లు. సభ పెట్టుకున్న పేరు ప్రకారం చూస్తే 'అందనివాళ్లు' అంటే వాళ్లే. అందనివాళ్లను అందుకోవడానికి బయలుదేరిన సభ, అందనివాళ్లు ఎదురుగా నిలబడగానే రెండు నెలలు ఆగి దారి మార్చుకున్నది. ఇది ఎవరో కల్పించిన వ్యంగ్యం కాదు, జరిగిన చరిత్ర.

'అందనివాళ్లు' అన్న మాట

ఈ మాటను కొంచెం విప్పి చూడాలి. అందనివాళ్లు అన్నప్పుడు సైన్సు ఎక్కడో పైన ఒక చోట ఉన్నదని, దాన్ని కిందికి అందించే దాతలున్నారని, కింద చేతులు చాచి నిలబడ్డవాళ్లున్నారని ముందే ఒప్పుకున్నట్టు. బావి దగ్గర దూరంగా నిలబెట్టి పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోసిన పద్ధతి మనకు తెలుసు. అదీ అందించడమే. చేద మాత్రం చేతికియ్యలేదు.

నేరేడుచర్ల వైపు నుంచి చూస్తే ఈ మాటలోని డొల్లతనం ఇంకా బాగా కనపడుతుంది. నల్లగొండ జిల్లాలో ఉండి 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన ఊరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల నడుమ, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ప్రాంతం. ఢిల్లీలోనో కలకత్తాలోనో కూర్చున్న పండితుడికి ఇది సైన్సు అందని పల్లె. కానీ సైన్సు ఇక్కడికి ఎన్నడో వచ్చింది. 1955 డిసెంబర్ 10న సాగర్‌కు పునాది పడ్డది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలిన్రు. కాలువతో పాటు ఇంజనీరు వచ్చిండు, లష్కర్ వచ్చిండు, యూరియా వచ్చింది, కొత్త వరి వంగడాలు వచ్చినయి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఈ ఆయకట్టు పొలాలను, మిర్యాలగూడ రైసు మిల్లులను నింపింది. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉన్నది. కాబట్టి సైన్సు రాలేదని ఎవరూ అనలేరు.

వచ్చింది ఎవరి పొలానికి? ఇదీ ప్రశ్న. నీళ్లు భూమి ఉన్నవాడి భూమికి వచ్చినయి. కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్లకు వచ్చినయి. మాల మాదిగ వాడకు అదే సైన్సు నాటు కూలిగా వచ్చింది, వీపు మీద మందు పంపుగా వచ్చింది, మిల్లులో హమాలీ బస్తాగా వచ్చింది. విత్తనం కనిపెట్టినవాడి పేరు పుస్తకంలో ఉన్నది. ఆ విత్తనాన్ని బురదలో వంగి నిలబెట్టిన ఆడమనిషికి ఏ నారు ఎన్ని రోజులకు పీకాలో, ఎంత లోతు గుచ్చాలో తెలుసు. ఆ తెలివికి మాత్రం కూలి రేటు తప్ప ఇంకో పేరు లేదు.

సాగర్ రాకముందు చెరువుల కాలం. నేరేడుచర్ల పేరులోనే నేరేడు చెట్టూ చెరువూ వినిపిస్తాయి. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంత తడి అని చూసేది నీరడి. చాలా ఊళ్లల్ల ఆ పని చేసింది దళితులే. వాన పోకడ, కట్ట బలం, అలుగు ఎప్పుడు పారుతుందన్న అంచనా, పంచాయితీ లేకుండా నీళ్లు పంచే నేర్పు, ఇవన్నీ ఆయన దగ్గరున్నవి. కాలువ వచ్చినంక ఆ జ్ఞానం జలశాస్త్రంలో ఒక అధ్యాయం కాలేదు. అది 'పాత పద్ధతి' అయి పక్కకు పోయింది. ఇంజనీరింగ్ కాలేజీలో నీరడి కొడుకు సీటు అడిగితే అది 'ప్రతిభకు దెబ్బ' అయింది. తండ్రి జ్ఞానాన్ని లెక్క పెట్టరు, కొడుకు చదువును లెక్క పెట్టరు. అయినా వాళ్లను అందనివాళ్లు అని పిలవడానికి వెనుకాడరు.

ఊరూ వాడా ఉన్న సభ

సైన్సు కాంగ్రెస్ పుట్టుకలోనే ఈ అమరిక ఉన్నది. సైమన్‌సన్, మెక్‌మహన్ అనే ఇద్దరు ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుల ఆలోచనతో 1914 జనవరిలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో మొదటి సభ జరిగింది. అశుతోష్ ముఖర్జీ అధ్యక్షుడు. 105 మంది హాజరు, 35 పత్రాలు, ఆరు విభాగాలు. వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, భౌతిక శాస్త్రం, జంతుశాస్త్రం. ఆరోది ఎత్నోగ్రఫీ, అంటే జాతుల కులాల వర్ణన. మిగతా ఐదు విభాగాల్లో మొక్కలు, రాళ్లు, జంతువులు పరిశీలనకు వచ్చినయి. ఆరో విభాగంలో మనం వచ్చినం. అప్పటికి ఐదేళ్ల ముందే, 1909లో, మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేసిండు. తలలు, ముక్కులు కొలిచి రాసిన పుస్తకాలవి. 1920లో నిజాం రాజ్యంలోని కులాల మీద సిరాజుల్ హసన్ పుస్తకం వచ్చింది. అంటే సైన్సుకు మనం మొదటి నుంచీ అందుబాటులోనే ఉన్నం. కొలిచే చేతికి అందినం. కొలబద్ద పట్టే చేతిగా మాత్రం అందలేదు.

తర్వాత విభాగాలు పెరిగి పద్నాలుగు అయినయి. పిల్లల సైన్సు కాంగ్రెస్, మహిళా సైన్సు కాంగ్రెస్ వేరుగా వచ్చినయి. 2020 బెంగుళూరు సభలో రైతుల సైన్సు కాంగ్రెస్, 2023 నాగపూర్ సభలో గిరిజన సైన్సు కాంగ్రెస్ చేరినయి. ఇది చేర్చుకోవడం అంటారు. ఊరి నిర్మాణం తెలిసినవాడికి ఇది కొత్తగా కనపడదు. నడుమ ఊరు, అంచున వాడ. పద్నాలుగు విభాగాలు ఊరు. ఆడవాళ్లకు, పిల్లలకు, రైతులకు, ఆదివాసులకు వేరే పందిళ్లు. వ్యవసాయ శాస్త్ర విభాగం ఒకటి ఉండగా రైతుకు వేరే పందిరి ఎందుకు? ఆ విభాగంలో మాట్లాడేది రైతు కాదు గనుక. వ్యవసాయ కూలీకి ఆ పందిరి కూడా లేదు.

ప్రధాన అంశాలను వరసగా పెట్టి చూడండి. 1937లో హైదరాబాద్‌లో 24వ సభ జరిగినప్పుడు చెరకు శాస్త్రజ్ఞుడు టి.ఎస్. వెంకట్రామన్ అధ్యక్షోపన్యాసానికి భారతదేశపు పల్లెనే అంశంగా తీసుకున్నాడు. అంబేడ్కర్ 'కుల నిర్మూలన' అచ్చయిన మరుసటి సంవత్సరం అది. 1976లో వాల్తేరులో స్వామినాథన్ అధ్యక్షతన జరిగిన సభలో అంశం సమగ్ర గ్రామీణాభివృద్ధి. 2018కి ఉస్మానియాలో అనుకున్నది అందనివాళ్లను అందుకోవడం. 2020లో బెంగుళూరులో మళ్లీ గ్రామీణాభివృద్ధి. ఇన్నిసార్లు పల్లె వచ్చింది. ఈ పేర్లలో ఒక్కదానిలోనైనా వాడ లేదు. పల్లె అంటే ఒక్కటే అన్నట్టు, అందులో రెండు బావులు లేనట్టు, రెండు శ్మశానాలు లేనట్టు మాట్లాడటం సైన్సు కాదు. పరిశీలనకు వచ్చిన వస్తువులో సగాన్ని వదిలేసి ఫలితం రాయడం ఏ ప్రయోగశాలలోనైనా తప్పే.

హాస్టల్ అనే ప్రయోగశాల

సైన్సుకు కులం లేదని వాదించేవాళ్లున్నారు. పరమాణువుకు లేదు, నిజమే. పరమాణువును చదివే పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరి పక్కన కూర్చుని తింటాడు అన్నదానికి ఉన్నది. నక్షత్రాల వెలుగును చదివే సూత్రాన్ని 1920లో ఇచ్చిన మేఘనాథ్ సాహా ఢాకా దగ్గర పల్లెలో చిన్న అంగడి నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. కింది కులం. కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్‌లో పైకులాల విద్యార్థులు తమ పంక్తిలో కూర్చుని తిననివ్వలేదు. ఆయనే 1934లో బొంబాయిలో సైన్సు కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. సంఘం ఆయన పేరును గర్వంగా చెప్పుకుంటుంది. ఆ హాస్టల్ సంగతిని మాత్రం తన చరిత్రలో భాగంగా చదవదు.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగినయి. 2016 జనవరి మొదటి వారంలో మైసూరులో 103వ సైన్సు కాంగ్రెస్ జరుగుతుండగా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు హాస్టల్ నుంచి బయటికి నెట్టబడి ఆరుబయట గుడారం వేసుకున్నరు. వాళ్లలో ఒకడు వేముల రోహిత్. కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. జనవరి 17న చనిపోయాడు. సైన్సు రచయిత కావాలనుకున్న పిల్లవాణ్ణి పోగొట్టుకున్న దేశంలో, తర్వాతి సంవత్సరపు సైన్సు సభ సామాజిక బాధ్యత గురించి తిరుపతిలో ఉపన్యాసం విన్నది.

ఈ వరసలో పెట్టి చూసినప్పుడే 2017 డిసెంబర్ అర్థమవుతుంది. క్యాంపస్‌లో ఫిజిక్స్ విద్యార్థి చనిపోతే ఫిజిక్స్ సభ చేయగలిగిన పని ఏది? ఆ హాస్టల్‌కు పోవడం. వందల అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న విశ్వవిద్యాలయంలో పల్లె పిల్లవాడు ఎమ్మెస్సీ ఎట్ల చదువుతున్నడో, తెలుగు మీడియంలో వచ్చినవాడు ఇంగ్లీషు క్వాంటం సిద్ధాంతాన్ని ఎట్ల దాటుతున్నడో అడిగి తెలుసుకోవడం. 1917లోనే అనువాద సంస్థ పెట్టి సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చిన విశ్వవిద్యాలయం అది. తెలుగు పల్లె పిల్లవాడికి ఆ పని నూరేళ్లయినా జరగలేదు. సైన్సు కాంగ్రెస్ అచ్చేసే పత్రిక పేరు 'ఎవ్రీమాన్స్ సైన్స్', అంటే అందరి సైన్సు. ఆ అందరూ ఇంగ్లీషు వచ్చినవాళ్లే.

వేదాలూ వంద గంటలూ

ఇంఫాల్ సభ ప్రారంభానికి రెండు రోజుల ముందే స్టీఫెన్ హాకింగ్ చనిపోయాడు. ఐన్‌స్టీన్ సూత్రాన్ని మించిన సిద్ధాంతం వేదాల్లో ఉండవచ్చని హాకింగ్ చెప్పాడని కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రి సభలో అన్నాడు. ఆధారం ఏదని విలేకరులు అడిగితే మీరే వెతకండి అన్నాడు. 2015లో ముంబై సభలో వేదకాలపు విమానాలు ఎగిరినయి. 2019లో జలంధర్ సభలో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలని ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే చెప్పాడు. హేతువాదులు నవ్విన్రు, ఖండించిన్రు. ఖండించాల్సిందే. కానీ ఆ ఖండన ఒక మెట్టు ముందే ఆగిపోతున్నది.

ఈ మాటలు కేవలం అబద్ధాలు కావు, వాటికి ఒక పని ఉన్నది. జ్ఞానమంతా వేదాల్లో ఉన్నదంటే, వేదం వినే హక్కు లేనివాళ్ల దగ్గర జ్ఞానం లేదని అర్థం. తోలు పదును చేసినవాడు, ఇనుము కరిగించినవాడు, కుండ కాల్చినవాడు, కానుపు చేసిన మంత్రసాని, వీళ్లందరినీ ఒక్క మాటతో సైన్సు చరిత్ర నుంచి తుడిచేస్తుంది అది. హేతువాది వేదంలో విమానం లేదని నిరూపిస్తాడు. లందలో రసాయన శాస్త్రం ఉన్నదని మాత్రం చెప్పడు. సున్నం నీళ్లతో వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్కతో తోలును కుళ్లకుండా నిలబెట్టడం ఏ శాస్త్రమో ఆయన పాఠంలో లేదు.

ఇక్కడ మన వైపు వాదననూ పరిశీలించాలి. కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను సబాల్టర్న్ శాస్త్రజ్ఞులన్నాడు. ఆ పేరు పెట్టడం అవసరం. అయితే అక్కడ ఆగితే ప్రమాదం కూడా ఉన్నది. లంద జ్ఞానం ఇష్టపడి చేసుకున్న పరిశోధన కాదు, వెట్టి కింద, కంపు మధ్య, ఊరవతల బలవంతంగా నేర్చుకున్నది. దాన్ని పొగిడి మ్యూజియంలో పెట్టడానికి సైన్సు కాంగ్రెస్‌కు రేపు ఇంకో పందిరి సరిపోతుంది. లంద పక్కన పుట్టిన పిల్లకు కావలసింది పొగడ్త కాదు, ప్రయోగశాల తాళంచెవి.

ఇంఫాల్‌లో ప్రధాని ప్రతి శాస్త్రజ్ఞుడూ ఏడాదిలో వంద మంది బడి పిల్లలతో వంద గంటలు గడపాలని అడిగాడు. మంచిదే. కానీ ఉస్మానియా హాస్టల్ పిల్లలతో జనవరిలో ఐదు రోజులు గడపడానికి ఆ శాస్త్రజ్ఞులకు వీలు కాలేదు గదా! అప్పటికే తలుపు దాకా వచ్చినవాళ్లతో మాట్లాడలేని సభ, బడిపిల్లల దగ్గరికి పోయి ఏం చెబుతుంది? తలుపు దాకా వస్తే ఏమవుతుందో వాళ్లకు ఎవరు చెబుతారు?

అడగని లెక్క

2023లో నాగపూర్ సభ ముగిసిన కొద్ది రోజులకే 'నేచర్' పత్రిక భారత సైన్సులో కులం మీద ఒక పరిశీలన అచ్చేసింది. పేరున్న ఐఐటీల్లో, బెంగుళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్ల స్థాయిలో దళితులు, ఆదివాసులు ఒక్క శాతం కూడా లేరని అందులో తేలింది. చట్టం చెప్పిన వాటా 15, ఏడున్నర శాతాలు. ఈ లెక్క విదేశీ పత్రిక తీసింది. వందేళ్లు దాటిన మన సంఘం తీయలేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నిధుల వాడకంలో అక్రమాలున్నాయని, సంఘానికి డబ్బు ఇవ్వడం ఆపింది. సంఘం ఒప్పుకోలేదు, కోర్టుకు పోయింది. 2024 జనవరిలో సభ జరగలేదు. దీని మీద కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు, కొందరు పీడ పోయిందన్నారు. మనం గమనించాల్సింది వేరే. ప్రభుత్వం సంఘాన్ని డబ్బు లెక్క అడిగింది. మీ సభ్యుల్లో ఎవరెంతమంది, మీ అధ్యక్షుల్లో ఎవరెందరు, ఉస్మానియాను ఎందుకు వదిలేసిన్రు అన్న లెక్క ఎవరూ అడగలేదు. సంఘం ఉన్నా, దాని చోటులో ఇంకోటి వచ్చినా ఆ లెక్క మాత్రం బాకీ ఉన్నది.

కాబట్టి దళిత పరిశోధకులు పెట్టాల్సిన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఏ పండిత సంఘమైనా ప్రజల డబ్బు తీసుకుంటే తన సభ్యుల, ఫెలోల, అధ్యక్షుల కులాల లెక్క ఏటా అచ్చు వేయాలి. సభ ఏ క్యాంపస్‌లో పెడితే ఆ క్యాంపస్ హాస్టళ్ల పరిస్థితి మీద మొదటి రోజు మొదటి గంట చర్చ జరగాలి. సైన్సు విద్యార్థుల మరణాలు సంతాప తీర్మానంగా కాక, పరిశోధన ప్రశ్నగా విభాగాల్లోకి రావాలి. పత్రాల్లో కొన్నైనా తెలుగులో చదివే వీలుండాలి. వేరే పందిళ్లు తీసేసి రైతునూ కూలీనీ వ్యవసాయ విభాగంలోనే కూర్చోబెట్టాలి.

అందనివాళ్లను అందుకుంటామని చెప్పిన సభ నిజానికి తానే మనకు అందకుండా పోయింది. నేరేడుచర్ల నుంచి బస్సెక్కి ఉస్మానియా దాకా పోయిన పిల్లలు తమ వంతు దూరం నడిచిన్రు. నాటు కూలి డబ్బుతో, స్కాలర్‌షిప్పు ఆలస్యంతో, రాని భాషతో నడిచిన్రు. మిగిలిన దూరం హాస్టల్ గది నుంచి సభావేదిక దాకా. అది నడవాల్సింది వాళ్లు కాదు.